కింది సెట్టు

గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠాకు సూపు పోస్తుండగా నోయెలీన్ కింది పళ్ల సెట్టు మళ్లీ జారింది. పెదవి బిగించి నాలుకతో నొక్కి పట్టింది. అయినా టక్కుమంది. బల్ల చుట్టూ ఎనిమిది మంది. మొగుడు నెవిల్ చెంచా పైకెత్తాడు.

"డెక్కల చప్పుడు విన్నారా, మా ఆవిడ గుర్రమెక్కి వస్తోంది."

అందరూ నవ్వారు. ముఠా పెద్ద మెరియానా మాత్రం నవ్వలేదు. నోయెలీన్ రొట్టె తెస్తానని వంటింట్లోకి వెళ్లి, తలుపు వెనక నిలబడి సెట్టు సరిచేసుకుంది. గడ్డం కింద మెరుపులా పోటు పొడిచింది.

ఆ పోటు మొదలై ఏడాదైంది. ఎవరికీ చెప్పలేదు. అక్క వెర్నా నోటి కాన్సరుతో పోయింది, తనకూ అదేనని లోపల అనుకుంటూనే ఉంది. అనుకుంటూనే రొట్టెలు కాల్చింది, మాంసం కోసింది, పనివాళ్ల పక్కదుప్పట్లు ఉతికింది. ఇది నాలుగో సెట్టు. ప్రతిదీ కొన్నాళ్లు కుదురుగా ఉండేది, ఆ తర్వాత నోట్లో ఈతకు దిగేది. "నోరు ఊరుకుంటేగా, అందుకే దవడ అరిగింది" అనేవాడు నెవిల్. అత్తగారు బతికున్న రోజుల్లో అయితే, "పాడి ఉన్న ఇంట్లో ఎముక అరిగిన కోడలు! పాలు తాగవే అంటే విన్నావా?" అనేది. పాలన్నీ పిల్లలకూ పనివాళ్లకూ పోశాక మిగిలిన గిన్నె కడిగేది తనే. అయినా తప్పు తనదే కాబోలని నమ్మింది. పెళ్లయి యాభై ఏడేళ్లు; ఇన్నేళ్లు నమ్మితే అది కూడా ఎముకలాగే గట్టిపడుతుంది.

మర్నాడు మాంసం ఓవెన్‌లో పెట్టి, లైబ్రరీకి వెళ్లొస్తానని చెప్పి, ఇన్వర్‌కార్గిల్ పట్నానికి కారు తీసింది.

పళ్ల డాక్టరు లోసా, సమోవా దీవుల పిల్ల. చేతులు వెచ్చగా ఉన్నాయి. నోరంతా తడిమి చూసి, ఎక్స్‌రే తీసి, తెర మీద పెట్టింది. కింది దవడ పెన్సిలంత సన్నగా ఉంది.

"కాన్సరా?" అంది నోయెలీన్. చేతిసంచి పట్టీని వేళ్లకు చుట్టుకుని ఉంది.

"అయ్యో, కాదమ్మా. అలాంటిదేం లేదు. ఎముక కరిగిపోయి నరం పైకొచ్చింది. సెట్టు దాని మీద కూర్చుంటోంది, అందుకే ఆ పోటు."

నోయెలీన్ వేళ్లకు చుట్టుకున్న పట్టీని వదులు చేసింది. తర్వాత అడిగింది. "పాలు తాగనందుకా?"

"పాలకేం సంబంధం! పన్ను ఉన్నంతకాలం నమిలినప్పుడల్లా ఎముకకు పని. పన్ను పోతే దానికి పని ఉండదు, కరిగిపోతుంది. ఎవరికైనా అంతే. పళ్లు ఎప్పుడు పోయాయి?"

"ఇరవై ఒకటో ఏట. పెళ్లికి మూడు నెలల ముందు. మా నాన్న కానుక."

"కానుకా?"

"అప్పట్లో ఇచ్చేవారు. కట్టుకునేవాడికి పళ్ల ఖర్చు ఉండకూడదని. ఒక్క పూటలో అన్నీ పీకేసి సెట్టు పెట్టించారు."

"పుచ్చినవి ఎన్ని?"

"ఒకటి."

లోసా ఎక్స్‌రే వైపు మళ్లీ చూసింది. "పడుకునేటప్పుడు తీసేవారా?"

"ఎప్పుడూ తీయలేదు. మొగుడికి బోసినోరు చూపించకు, ఒక్కసారి చూశాడంటే ఇక నువ్వు ముసలిదానివే అంది మా అమ్మ. అతను ఇంతవరకూ చూడలేదు."

"రాత్రీ పగలూ నొక్కుకుపోయి ఇంకా అరిగి ఉంటుంది. చిగుళ్లకు కాస్త విశ్రాంతి ఇవ్వమని ఎవరూ చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? తానెవరినైనా అడిగితే కదా. దాచుకున్న కొద్దీ అరిగిందన్నమాట. తెర మీద ఆ సన్నటి గీతను చూస్తుంటే ఆమెకు ఏడుపు రాలేదు. ఎముక పని లేక పోయింది. తనకు ఒక్క రోజైనా పని లేకుండా పోయిందా? నవ్వొచ్చింది. జబ్బు కాదు. తప్పూ కాదు. భుజాల మీంచి తడిసిన ఉన్ని మూట దించినట్టయింది.

"దవడలో రెండు మరలు బిగించి వాటికి సెట్టు తగిలించొచ్చేమో చూద్దాం," అంది లోసా. "తొందరేం లేదు."

"అసలు కింది సెట్టు పెట్టుకోకపోతే?"

"మెత్తటివి తినాలి. ముఖం కాస్త లోపలికి పోతుంది. పోటు మాత్రం తగ్గుతుంది."

ఇంటికి వచ్చేసరికి ముఠా భోజనానికి కూర్చుని ఉంది. నోయెలీన్ వంటింట్లో కింది సెట్టు తీసి నీళ్ల గ్లాసులో వేసింది. మాంసం, మెదిపిన టర్నిప్ దుంప తెచ్చి బల్ల మీద పెట్టింది. నెవిల్ తలెత్తి, చేతిలో కత్తి అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"ఏమిటది? పళ్లేవి?" గొంతు తగ్గించాడు. "జనం ఉన్నారు. వెళ్లి పెట్టుకో. నీ మొహం నీ మొహంలా లేదు."

"ఇదే నా మొహం, నెవిల్." మాట కాస్త మెత్తగా వచ్చింది, స్పష్టంగానే వచ్చింది. "ఇన్నాళ్లూ నువ్వు చూసింది మా నాన్న కొన్నది."

ఎవరూ నవ్వలేదు. మెరియానా బెంచీ మీద పక్కకు జరిగింది. "ఇటు కూర్చో పిన్నీ. నిలబడి తినేవాళ్లు గుర్రాలు."

నోయెలీన్ కూర్చుంది. టర్నిప్ వడ్డించుకుని వెన్న కలుపుకుంది. "టీ నువ్వు పెట్టు," అంది మొగుడితో.

నెవిల్ చుట్టూ చూశాడు. లేచి వంటింట్లోకి వెళ్లాడు. అలమరాల తలుపులు ఒకదాని తర్వాత ఒకటి తెరిచిన చప్పుడైంది.

"టీ పొడి ఎక్కడుంటుందే?" అని లోపలినుంచి కేకేశాడు.

నోయెలీన్ నోట్లో ముద్ద ఉంది. తాపీగా తింటూ కూర్చుంది.