ప్రమాదం లేని రోజులు

తోడల్లుడి మాటెత్తితే చాలు, పెద్దల్లుడికి ఒళ్ళు మండేది. ఇద్దరిదీ ఒకే సిమెంటు కంపెనీ, ఒకే ఉద్యోగం: పనివాళ్ళకు ప్రమాదాలు జరగకుండా చూసుకోవడం. పెద్దల్లుడిది ఊళ్ళో గోదాము. చిన్నల్లుడిది సరిహద్దు శాఖ. అక్కడ రెండు వర్గాలు కాల్చుకు చస్తుంటే కంపెనీ ఇద్దరికీ సిమెంటు అమ్ముకుంటోంది.

అలాంటి చోట, చిన్నల్లుడి గేటు మీద "ప్రమాదం లేని రోజులు" బోర్డు నాలుగొందలు దాటింది! ఇక్కడేమో మూడు నెలల కిందట క్యాంటీన్‌లో ఎవడో ఉల్లిపాయలు తరుగుతూ వేలు కోసుకున్నాడని పెద్దల్లుడి బోర్డు సున్నాకొచ్చింది.

"మా చెల్లెలి మొగుడు తుపాకుల మధ్య నెగ్గుకొస్తున్నాడు. మీరు ఉల్లిపాయల దగ్గర ఓడిపోయారు," అంది భార్య.

నెలాఖరుకు పై కుర్చీ ఖాళీ అవుతోంది. అది వీళ్ళిద్దరిలో ఒకరికే. వంద రోజులు కూడా లేనివాడి పేరు అసలు చూడరట. ఆ కుర్చీలో చిన్నల్లుడిని ఊహించుకుంటే పెద్దల్లుడికి ముద్ద దిగడం లేదు.

నేర్చుకుంటానని వంకపెట్టి సరిహద్దు శాఖ ఫైళ్ళు తెప్పించాడు. ఈర్ష్యకు కళ్ళుండవంటారు గానీ, ఈయనకు అద్దాలతో కలిపి నాలుగు. పదకొండు మంది డ్రైవర్లు రాజీనామా చేశారు. అన్నిట్లోనూ అవే రెండు వాక్యాలు, కింద వేలిముద్ర. ఒకదాని వెనక ఒకావిడ అర్జీ ఉంది.

"మా ఆయన మంగళవారం మీ లారీ తోలుతూ తూటా తగిలి పోయాడు. సోమవారమే మానేశాడు, పరిహారం రాదు అంటున్నారు. మానేసినవాడు మర్నాడు మీ లారీ ఎందుకు తోలతాడయ్యా?"

దొరికాడు దొంగ! పెద్దల్లుడు చంకలు గుద్దుకున్నాడు. ఆవిడ ఏడుపు ఆయనకు వినపడనే లేదు, చిన్నల్లుడి మొహం పాలిపోవడమే కనిపించింది. నాలుగు పేజీల ఫిర్యాదు రాసి, ఒక రాజీనామా జతచేసి, కవర్లో పెట్టాడు. కుర్చీ సంగతి తేల్చడానికి మర్నాడు సాయంత్రం డైరెక్టరు వస్తాడు. అప్పటికి బోర్డు మీద వంద పడుతుంది.

మర్నాడు మధ్యాహ్నం సిమెంటు బస్తాల దొంతర కూలి, మీసాల బాబాయ్ కాలు నుజ్జయింది. పాత హమాలీ. రోజూ సాయంత్రం స్టూలెక్కి బోర్డు మీద అంకె మార్చేది ఆయనే.

పెద్దల్లుడు కవరు పట్టుకుని కూర్చుండిపోయాడు. సున్నా తెచ్చుకున్నవాడి ఫిర్యాదు ఎవడు వింటాడు? కడుపుమంట అంటారు. అనడమేమిటి, కడుపుమంటే కదా! ఆ సున్నాతో చిన్నల్లుడికి కుర్చీ అప్పగించాలా? కవర్లోంచి రాజీనామా తీశాడు. ఆ రెండు వాక్యాలూ తెల్లకాగితం మీదికి ఎక్కించి, నిన్నటి తేదీ వేశాడు. ఫిర్యాదు నాలుగు ముక్కలు చేశాడు.

ఆసుపత్రిలో మీసాల బాబాయ్ వేలు తనే పట్టుకుని సిరా రాశాడు.

"ఏం కాగితం సార్?"

"మామూలు కాగితమే బాబాయ్."

ముసలాయన వేలిముద్ర వేశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఇవాళ అంకె మార్చలేదు సార్. నా మూలంగా మళ్ళీ సున్నా అయిపోయిందా?"

"లేదు బాబాయ్. నేనే మార్చొచ్చాను. వంద."

"బతికించారు సార్," అని మీసాల బాబాయ్ కళ్ళు తుడుచుకున్నాడు.