ప్రేమవిందులో మా వంతు

"రేపటి బిర్యానీకి చికెన్ నానబెట్టావా?" అని జూడ్ బాత్రూం గుమ్మం దగ్గరే నిలబడి, ముక్కుకు చొక్కా అంచు అడ్డం పెట్టుకుని అడిగాడు. లోపల లూసీ మోకాళ్ల మీద కూర్చుని, మామగారి కింద తడిసిన దుప్పట్లను బ్లీచ్ కలిపిన బక్కెట్‌లో ముంచుతోంది. గుమ్మం దాటి లోపలికి రావడానికి అతనికి అసహ్యం. ఆ చేతులతో వండింది చర్చి మొత్తానికి పెట్టడానికి మాత్రం ఏ అసహ్యమూ లేదు. లూసీకి ఒళ్లు మండిపోయింది.

అమెరికాలో, ఫ్రిస్కోలోని వాళ్ల తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంటుంది. వారానికో కుటుంబం వంతు. వంతు కుటుంబానిది, వంట ఆడవాళ్లది, పాస్టరుగారు మైకులో దీవించే పేరు మాత్రం మగవాళ్లది. బ్రదర్ జూడ్ ఈ వారం మనకు భోజనం పెడుతున్నారని ఆయన అంటే, జూడ్ సిగ్గుపడుతున్నట్టు తల వంచుకుంటాడు. ఆ సమయానికి లూసీ వెనక కిచెన్‌లో గంజి వారుస్తూ ఉంటుంది. బయటినుంచి తెప్పిద్దామంటే జూడ్ ఒప్పుకోడు. ఎందుకు తెప్పించారని అందరూ అడుగుతారట.

మామగారు దైవాశీర్వాదం రిటైరైన హెడ్మాస్టరు. చీరాల నుంచి వచ్చి ఇంకా వారం కాలేదు. అక్కడ వాళ్ల వీధిలో తాగునీటి గొట్టంలో మురుగు కలిసి సగం ఇళ్లలో విరేచనాలట. పుట్టినప్పట్నుంచీ ఆ నీళ్లే తాగుతున్నాను, నాకేమవుతుందమ్మా అని కారులోనే నవ్వుతూ చెప్పారు. నిన్న సాయంత్రం ఆయనకూ మొదలైంది. చూడగానే లూసీ గుర్తుపట్టింది. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా, కడుపునొప్పి అయినా లేకుండా, తెరిపి లేకుండా. గుంటూరు ఆసుపత్రిలో నర్సుగా చేసిన రోజుల్లో, వానలు పడ్డాయంటే కలరా వార్డు నిండిపోయేది. మంచానికి మధ్యలో కంత, కింద బక్కెట్. ఎంత పోయిందో చూసుకుని, అంతకు అంత మళ్లీ ఒంట్లోకి ఎక్కించడమే పని. అక్కడ పెద్ద డాక్టర్లు కూడా ఆమెను సిస్టర్ అని పిలిచి, మాట వినేవాళ్లు. పెళ్లిచూపుల రోజు ఈ మామగారే, మా ఇంటికొచ్చాక ఆ అమ్మాయికి రోగుల దొడ్లు ఎత్తే ఖర్మ ఉండదని గొప్పగా ప్రకటించారు. ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా ఆయన మాట సగం నిలబెట్టింది. జీతం పోయింది, ఎత్తడం మిగిలింది.

దాన్ని కూడా ఆమె పట్టించుకోలేదు. రోగి రోగే. కానీ పొద్దున ఆమె కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పూ పంచదారా కొలిచి కలిపి పెట్టిన జగ్గు కనబడలేదు. తాగిందంతా బయటికే పోతోంది, నీళ్లు ఆపితే అదే కట్టుకుంటుందని మామగారు అన్నారట. జూడ్ ఆ జగ్గు తీసుకెళ్లి సింక్‌లో పారబోశాడు. ఇంత చదువుకున్న ఇద్దరు మగవాళ్లు కలిసి ఒక మనిషిని ఎండగట్టి బాగుచేద్దామనుకున్నారు. కలరా ఒంట్లో నీరు తోడేసి చంపుతుంది, తోడేసినంత తిరిగి పోస్తే బతుకుతారని ఆమె చెబితే, జూడ్ ఫోన్ చూసుకుంటూ ఊ కొట్టాడు. మళ్లీ కలిపి చెంచాతో పోసింది. వాంతి అయింది. ఇక సెలైన్ ఎక్కించాల్సిందే, హాస్పిటల్‌కి తీసుకెళ్దామని పొద్దున్నుంచీ మొత్తుకుంటూనే ఉంది.

ఇప్పుడు మళ్లీ అదే చెప్పింది. జూడ్ గొంతు తగ్గించాడు.

"కలరా అంటే కౌంటీ హెల్త్ ఆఫీసుకి రిపోర్ట్ చేస్తారు. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. రేపు లంచ్ అయిపోనీ, ఫుడ్ పాయిజనింగ్ అని చెప్పి తీసుకెళ్దాం. అయినా నువ్విక్కడ నర్స్‌వి కాదు లూసీ."

లూసీ గ్లవ్స్ విప్పి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, మామగారి గదిలోకి వెళ్లింది. కళ్లు లోతుకు పోయాయి. చేతి మీద చర్మం పట్టి వదిలితే మడత మడతగానే నిలబడింది. ఆయన ఏదో అంటున్నారు. చెవి దగ్గర పెడితే వినబడింది. "నీళ్లమ్మా..." పాఠం చెబితే పక్క క్లాసులోకి వినబడే గొంతు అది. ఆమెకు ఆయన మీద కోపం పోలేదు. ఆ కోపంతోనే ఫోన్ తీసి అంబులెన్స్‌ని పిలిచింది. పెదాలు తడుపుతూ, ప్రేమవిందు వంతులు చూసే షారన్ ఆంటీకి రెండో ఫోన్ చేసింది.

"ఆంటీ, రేపు మా ఇంటి వంట రాదు. మామయ్యగారికి కలరాలా ఉంది. ఆయన్ని చూసుకుంటున్న దాన్ని, పిల్లలూ పెద్దలూ తినేది నేను వండకూడదు."

ఆవిడ, వంట సంగతి నేను చూసుకుంటాను, ముందు ఆయన్ని చూడమ్మా అని పెట్టేసింది. ఆ మాట విని జూడ్ గదిలోకి వచ్చాడు. మా పరువు గంగలో కలిపావు, చర్చిలో ఇక తలెత్తుకోగలమా అని మొదలుపెట్టాడు. లూసీ చెంచాతో నీళ్లు పోస్తూనే ఉంది. ఒక చెంచా లోపల నిలిచింది. ఇంకోటి పోసింది.

అంబులెన్స్ వాళ్లిద్దరూ సామానుతో గదిలోకి వచ్చారు. ఒకతను మంచం పక్కన వంగి నాడి పట్టుకుని, ఈయన్ని చూసుకుంటున్నది ఎవరని అడిగాడు. ఏ కౌంటర్ దగ్గరైనా ఇంటి తరఫున జవాబు చెప్పడం అలవాటైన జూడ్ తడుముకోకుండా ముందుకొచ్చి, నేనే అన్నాడు.

లూసీ లేచి, పక్కనున్న కొత్త గ్లవ్స్ జత అతని చేతిలో పెట్టింది.

"అయితే మీ నాన్నగారి బట్టలు మార్చండి. వీళ్లతో నేను మాట్లాడతాను."