ఆమె ఊరికే కూర్చున్నప్పుడు

"ఊరికే కూచోనుండావు కదా మహిమా, ఆ కప్పులట్లా కడిగిపెట్టు" అన్నాడు జ్ఞానరాజన్న.

నేను ఊరికే కూర్చోలేదు. నా చేతిలో ఫోన్ ఉంది. ఫోన్‌లో ఒక రైతు బావిగట్టు దగ్గర ఇరుక్కుపోయి ఉన్నాడు. ఎటునుంచి నడిపించినా అక్కడే ఎందుకు ఇరుక్కుంటున్నాడో కనిపెట్టి చెప్పడం నా పని. కానీ చూసేవాళ్ళకు అది ఆడుకుంటున్నట్టే కనబడుతుంది. పక్క కుర్చీలో వీరేష్ కూడా అదే ఆట ఆడుతున్నాడు. అతను ఆడితే టెస్టింగ్, నేను ఆడితే ఆట. కప్పులు తీసుకుని లేచాను.

మా ఆఫీసు కడపలో ఒక మందుల షాపు పైన రెండు గదులు. ఫోన్లో ఆడుకునే ఆటలు తయారుచేస్తారు. జ్ఞానరాజన్న బెంగళూరులో పెద్ద గేమ్ కంపెనీలో పనిచేసి వచ్చి దీన్ని పెట్టాడు. హెన్రీ మామకు చర్చిలో తెలిసినవాడు. డోన్ దగ్గర మా ఊళ్ళో ఇంటర్ అయిపోయి అమ్మతోపాటు బండలు కోసే ఫ్యాక్టరీకి పోతున్న నన్ను మామే పిలిపించి ఈ పనిలో పెట్టించాడు. మామ భార్య ప్రసన్నకుమారి మా నాయనకు చెల్లెలు, నాకు మేనత్త. వాళ్ళింట్లోనే ఉంటున్నాను. చేరిన రోజే జ్ఞానరాజన్న అన్నాడు: "ఈడ సార్ గీర్ ఏం లేదమ్మా, అన్నా అను. మన కంపెనీ అంతా ఒకటే కుటుంబం." ఆరోజు నాకు చాలా సంతోషమయింది. కుటుంబమంటే ఎవరి పని ఎవరిదో ఒక్కరూ నోరు తెరిచి చెప్పకుండానే తేలిపోయే చోటని తర్వాత అర్థమయింది. ఫ్లాస్కులో టీ పోయించుకు రావడం, ఎవరిదైనా పుట్టినరోజయితే కేకు కోసి పంచడం, పంచాక నేలకంటిన క్రీము తుడవడం. ఇవి చెయ్యమని నాతో ఎవరూ అనలేదు. అవే వచ్చి నా చేతుల్లో కూర్చున్నాయి.

మేం చేస్తున్న ఆట పేరు పచ్చచేను. ఒక రైతు, అతని పెళ్ళాం, రెండెద్దులు, ఒక కుక్క. దున్నాలి, విత్తాలి, మిరపకాయలు కోయాలి, అమ్మాలి. ఇంకో నెలకు ఆట బయటికి వెళ్ళాలనగా, బొమ్మలేసే వసంతకుమార్ హైదరాబాదులో ఎక్కువ జీతం దొరికిందని వెళ్ళిపోయాడు. అంతకు ముందు నేను కొరియర్ అట్టపెట్టె మీద కోడిపిల్లల్ని గీస్తుంటే జ్ఞానరాజన్న చూశాడు. "మిగిలిన బొమ్మలు నువ్వెయ్యి. బాగొస్తే ఆర్టిస్టుగా పెట్టుకుంటా. రాకపోతే, ఆట బయటికి పోయినాక టెస్టింగు పని ఉండదు మల్ల. నీకు తెల్సు కదా" అన్నాడు.

తెలుసు. ఆర్టిస్టుగా పెట్టుకోకపోతే మళ్ళీ బండల ఫ్యాక్టరీయే. పొద్దంతా తడి కాళ్ళు, సాయంత్రానికి చెవుల్లో కూడా తెల్ల దుమ్ము. ఆ పనంటే నాకు నామోషీ లేదు, మా అమ్మ చేసే పని. కానీ అక్కడ ఎవరూ నన్ను ఒక బొమ్మ వేసిపెట్టమని అడగరు. ఇక్కడ అడిగారు. నేను వేసిన మేకపిల్ల గెంతితే వీరేష్ "అబ్బా" అన్నాడు. నా జీవితంలో ఒక మగవాడు నేను చేసిన పనిని చూసి అబ్బా అనడం అదే మొదలు. దానికోసం ఎన్ని కప్పులైనా కడగొచ్చు అనిపించింది. అలా అనిపించడమే తప్పేమో కూడా తెలీదు.

మిరప తోట అయింది, సంత అయింది. చివరికి ఒక్కటి మిగిలింది. రైతు పెళ్ళాం ఊరికే ఉన్నప్పటి బొమ్మ. ఆట ఆడే మనిషి ఫోన్ ముట్టుకోకుండా కాసేపు వదిలేస్తే బొమ్మలు కొయ్యల్లా నిలబడిపోకూడదు, బతికున్నట్టు కనబడాలి. అందుకని పనిలేనప్పుడు చేసే కదలిక ఒకటి ప్రతి బొమ్మకూ వేస్తారు. రైతుకు వసంతకుమార్ మొదట్లోనే వేసేశాడు. అరుగు మీద కూర్చుని కాలూపుతాడు, ఆవలిస్తాడు, తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకుంటాడు. అచ్చం మా నాయనే. ఎద్దులు నెమరేస్తాయి. కుక్క ముడుచుకుని పడుకుంటుంది. పెళ్ళానికి మాత్రం వేయలేదు. ఫోన్ వదిలేస్తే ఆమె చంకలో బిందెతో బావి దగ్గర అలాగే నిలబడి ఉంటుంది, మళ్ళీ ఎవరో ఒకరు ముట్టుకునేదాకా.

"ఏం వెయ్యాలన్నా?" అని అడిగాను.

"సులభం మే. చాట పట్టుకోని బియ్యం ఏరుతాంటాది" అన్నాడు వీరేష్.

"అది పని కదన్నా."

"పనేంది? కూసోనే కదా ఏరేది!"

"వాకిట్లో ముగ్గేసుకుంటాంటే బాగుంటాది, రంగులుంటాయి" అన్నాడు జ్ఞానరాజన్న.

"అవన్నీ వద్దప్పా. మాయమ్మ ఖాళీగా ఉంటే మా నాయన్ను తిడతాంటాది. తిట్టే బొమ్మెయ్యి, గేమ్ హిట్టయితాది" అని వీరేష్ బల్ల చరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"సోమవారానికి కావాల" అన్నాడు జ్ఞానరాజన్న నవ్వు ఆపి. "రేపు ఆదివారం చర్చికి పోయిరా, మా కోసం కూడా ప్రార్థన చెయ్యి. కానీ ఒక మాట. మేమంతా ఈడనే పండుకుంటాండాం. నువ్వు పొద్దు గూకకముందే పోతాండావు. కొంచెం డెడికేషన్ ఉండాల మహిమా."

పొద్దుగూకాక వస్తే మామ ఊరుకోడని, వాళ్ళు లేవకముందే వచ్చి రాత్రి తిని పడేసిన బిరియానీ ప్యాకెట్లు ఎత్తేది నేనేనని చెప్పాలనుకున్నాను. నాకు మాటలు ఎప్పుడూ మెట్లు దిగాకే వస్తాయి. ఆటోలో కూర్చున్నాక మొత్తం వచ్చాయి, ఒక్క అక్షరం తప్పకుండా.

ఇంటికి వచ్చి ఎర్రగడ్డలు తరుగుతూ అత్తనే చూశాను. అత్త ఖాళీగా ఉన్న క్షణం దొరికితే అది చూసి వేయొచ్చని. టీవీ చూస్తూ చిక్కుడుకాయలు ఒలిచింది. పక్కింటామెతో మాట్లాడుతూ ఎవరిదో రవికెకు హుక్కులు కుట్టింది. "ఆటలాడేదానికి ఈ పిల్లకు జీతమిస్తారంట. నువ్వు ఇంట్లో ఊరికే ఉండేదానికి ఎవురిస్తారు ప్రసన్నా?" అన్నాడు మామ. అది మామకు చాలా ఇష్టమైన జోకు. అత్త నవ్వుతూనే ఆయన ముందున్న కంచం తీసింది. ఆదివారం చర్చిలో, ఆడవాళ్ళ వైపు చాప మీద, కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నప్పుడు కూడా అత్త ఒళ్ళో ఎవరి పిల్లో ఉంది. అత్త చెయ్యి ఆ పిల్లను జోకొడుతూనే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు అడిగేశాను. "అత్తా, ఏం పనీ లేనప్పుడు నువ్వేం చేస్తావు?"

అత్త నిజంగా ఆలోచించింది. వీధి మలుపు దాకా ఆలోచించింది. "పని లేనప్పుడా? జరమొస్తాది" అంది.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. ఊరికే ఉన్నప్పుడు ఏం చేస్తావంటే "యాడుంటామే అట్ల? చింతపండులో గింజలు తీస్తా" అంది. అదీ పనేనమ్మా అన్నాను. అమ్మ గొంతు తగ్గించింది.

"మీ నాయనకు చెప్పాకు. మొన్న కరెంటు పోయి మిషన్లు నిలబడిపాయ. మగోళ్ళంతా టీకి పోయిరి. నేను బండల మీద కూసోని కాళ్ళు బార జాపినా. గాలి కొడతాండె. శానా బాగుండె మే."

"ఎంతసేపున్నావమ్మా?"

"ఏమో. ఎవురన్నా వస్తే ఏమన్నా అనుకుంటారని కసువూడ్చే పొరక మాత్రం చేతిలో పట్టుకోనే ఉన్యా."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ పొరక గురించే ఆలోచించాను. మా ఊళ్ళో ఆడవాళ్ళు మగవాళ్ళ ఎదుట కాళ్ళు జాపుకోరు. అరుగు మీద ఎంతమంది కూర్చున్నా, చెప్పుల చప్పుడు వినబడితే చాలు, కాళ్ళు వాటంతటవే చీరలోకి ముడుచుకుంటాయి. నాకూ ముడుచుకుంటాయి. ఎవరు నేర్పారో గుర్తులేదు. మనుషుల బొమ్మలు ఇన్ని వేశాను గానీ మా అమ్మ అరికాళ్ళు ఎలా ఉంటాయంటే నాకు తెలియదు. ఎప్పుడూ చూడలేదు.

అందుకే సోమవారం ముందు అరికాళ్ళు వేశాను. పగుళ్ళతో, మడమల దగ్గర బండల దుమ్ముతో. తర్వాత గోడకు ఆనిన వీపు. ఒళ్ళో వెల్లకిలా తెరిచి ఉన్న చేతులు. ఊపిరికి భుజాలు కొద్దిగా లేచి దిగుతాయి. గాలికి ఒక వెంట్రుక కదులుతుంది, ఆమె దాన్ని సర్దుకోదు. చేతిలో పొరక పెట్టి చూశాను. తీసేశాను.

వీరేష్ దాన్ని ఆటలో పెట్టి చూసి "ఏమాయ, సచ్చిపాయనా?" అన్నాడు. జ్ఞానరాజన్న మాత్రం చాలాసేపు చూశాడు. "బొమ్మ బాగుండాది మహిమా. శానా బాగుండాది. వసంత్ కూడా ఇట్ల వెయ్యలేడు. కానీ ఏ పనీ చెయ్యకుండా కూసుంటే ఆడేవాళ్ళు గేమ్ హ్యాంగయిందనుకుంటారు. పైగా మొగుడు ఎదురుగా ఉంటే ఆ కాళ్ళేంది అట్ల? కాళ్ళు మడిపించు, చేతిలో చాట పెట్టు. అంతే. రేపు పొద్దున ఎక్కించేస్తాం. అది పెట్టేసినావంటే నువ్వే మా ఆర్టిస్టువి. సంతోషమేనా?"

"సరే అన్నా" అంది నా నోరు. దానికి తెలిసిన మాట అదొక్కటే.

చేట వేయడానికి ఎంతసేపు కావాలి? సాయంత్రం లోపల వేసేశాను. కాళ్ళు మడిచింది, తల వంచింది, చేటతో బియ్యం చెరుగుతోంది. చూస్తే చక్కగా ఉంది. రెండు బొమ్మలూ ఆఫీసు కంప్యూటర్లో పక్కపక్కనే పెట్టి, ఏదీ ఇవ్వకుండా ఇంటికి వచ్చేశాను. చేట ఉన్నది ఇస్తే ఉద్యోగం. కాళ్ళు జాపినది ఇస్తే డోన్ బస్సు.

పొద్దున అత్త క్యారేజీలు కడుతుంటే నా ఫోన్ పోపుల డబ్బాకు ఆనించి పెట్టాను. అందులో ఇంకా మొదటి బొమ్మే ఉంది.

"ఎవురు మే ఈయమ్మ?"

"రైతు పెళ్ళాం అత్తా."

"ఏం చేస్తాండాది?"

"ఏం లేదు. మనం ఫోన్ ముట్టుకోనంతసేపూ అట్లే కూసోనుంటాది. ముట్టుకుంటే లేచి పనికి పోతాది."

అత్త పొయ్యి మంట తగ్గించింది. క్యారేజీ మూత చేతిలో పట్టుకుని వంగి చూసింది. రైతు పెళ్ళాం భుజాలు లేచాయి, దిగాయి. "తినిందా ఆమె?" అని అడిగింది అత్త.

ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. "తినింది" అన్నాను.

అత్త తలూపి ఇంకా చూస్తూనే ఉంది. అప్పుడే మామ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. "బాక్సు కాలేదా ఇంకా? ఏందది, ఊరికే కూసోనుండాది?" అంటూ వేలు చాపాడు.

అత్త తడి చేత్తో ఫోన్ పక్కకు లాగేసింది.

"ముట్టుకోవాకు. ముట్టుకుంటే లేస్తాది."

"లేస్తే ఏమయితాది?" మామ నవ్వాడు.

అత్త నవ్వలేదు. తలెత్తి ఆయన వైపు చూడను కూడా లేదు. "బాక్సు ఆడుండాది. మూత పెట్టుకోని పో" అంది.

నేను ఆఫీసుకు వెళ్ళేసరికి అందరూ ఇంకా నిద్రలోనే ఉన్నారు. ప్యాకెట్లు దాటుకుంటూ నేరుగా నా కుర్చీ దగ్గరికి పోయి, చేట ఉన్న బొమ్మను తీసేశాను. మీట గట్టిగానే నొక్కినట్టున్నాను. ఆ చప్పుడుకో ఏమో జ్ఞానరాజన్న లేచి, కళ్ళు నులుముకుంటూ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"పెట్టినావా చాట?"

"లేదన్నా."

"టయిం చాలకపాయనా?" అన్నాడు మంచిగానే. అవునంటే సరిపోయేది. ఆ మాట నా నోటి దగ్గరికి వచ్చింది కూడా. మింగేశాను.

"టయిం ఉండె. వేసి తీసేసినా."

"ఏం?"

వీరేష్ కూడా లేచి కూర్చున్నాడు. నా కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకోబోతున్నాయి. వద్దన్నాను వాటిని.

"ఆయమ్మకు ఇప్పుడు పనేం లేదన్నా."