మొదటి బస్సు వెంట

డ్రైవరమ్మ కూతురు కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఉంది. కాళ్లు పొడుగు, ఒళ్లు బక్క, ఒక్కచోట కుదురుగా నిలవదు. అందుకే ఇంటిల్లిపాదికీ ఆ పిల్ల ‘మిడత’.

పోయిన ఏడాది మిడత జెర్సీలు ఉతుకుతూ తల్లి ఒక సంగతి గమనించింది. మ్యాచ్‌కి వెళ్లొచ్చిన చొక్కాకి మట్టి లేదు, చెమట వాసనా లేదు. మూడు వారాలు చూసి, ఇక ఆగలేక అడిగింది.

“నువ్వు ఆడొస్తున్నావా, చూసొస్తున్నావా?”

మిడత తల దించుకుని నిజం చెప్పేసింది. సెలవులన్నీ మంచం మీదే గడిపి, సీజన్ ముందు శిక్షణకి వెళితే, మొదటి రోజు పన్నెండు చుట్ల పరుగు పరీక్షలో నాలుగో చుట్టుకే కూలబడిపోయింది. కోచ్ మేడమ్ తిట్టలేదు. బెంచీ చూపించింది. ఏడాదంతా ఆ బెంచీయే గతి అయింది.

మళ్లీ సెలవులొచ్చాయి. శిక్షణకి ఆరు వారాలుందనగా మిడత కాలేజీలో ఇచ్చిన కసరత్తుల కాగితం తెచ్చి తల్లి ముందు పెట్టింది.

“రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తాలట. పరుగు సంగతి ఎలాగో చూస్తా. పొద్దున్నే లేవడమే...”

“లేపడం నా పని,” అంది తల్లి.

ఆమె నడిపేది ఆరింటి మొదటి బస్సు. డిపో నుంచి ఆసుపత్రి దాకా ఐదు కిలోమీటర్లు, తొమ్మిది స్టాపులు. మర్నాడు బస్సు కదలగానే ఫుట్‌పాత్ మీద మిడత కూడా కదిలింది. రెండో స్టాపు దగ్గరే బస్సు ఆమెను దాటిపోయింది. తల్లి అద్దంలో చూస్తే, కూతురు స్తంభానికి ఆనుకుని రొప్పుతోంది. ఆమె ప్రాణం ఉసూరుమంది. కానీ వేగం మాత్రం తగ్గించలేదు.

సాయంత్రం మిడత వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని సణిగింది.

“కాస్త నెమ్మదిగా పోనిస్తే నీ సొమ్మేం పోయిందమ్మా?”

“బస్సు నిండా నర్సులు. డ్యూటీకి అందాలి వాళ్లు. నీకోసం రోగుల్ని కాచుకోమననా?”

మిడత మూతి ముడుచుకుంది. మర్నాడు మాత్రం నాలుగో పిలుపు దాకా ఆగకుండా రెండో పిలుపుకే లేచింది.

మూడో వారానికి ఐదో స్టాపు దాకా బస్సుకి దొరక్కుండా పరిగెత్తింది. కిటికీ పక్కన కూర్చునే పెద్ద నర్సు, “డ్రైవరమ్మా, మీ పిల్ల ఇవాళ బేకరీ దాటేసింది,” అని కబురు అందించేది. కండక్టరైతే టికెట్లు కొట్టడం ఆపి మరీ తొంగిచూసేవాడు. ఒకరోజు కుండపోత వాన. ఇవాళ రాదులే అనుకుంది తల్లి. తీరా చూస్తే, తడిసిన కోడిపిల్లలా బస్సు వెనకాలే వస్తోంది.

“ఎవరి పోలికమ్మా ఈ మొండితనం?” అన్నాడు కండక్టర్.

“వాళ్ల నాన్నదే.”

ఆ నాన్న ఎంత నెమ్మదస్తుడో కండక్టర్‌కి తెలుసు. నవ్వాపుకుంటూ టికెట్ల పనిలో పడ్డాడు.

ఆరో వారం చివరి రోజు బస్సు ఆసుపత్రి మలుపు తిరిగినా అద్దంలో మిడత జాడ లేదు. ఏ గుంటలోనో కాలు మడతపడిందేమోనని తల్లి మనసు పరిపరివిధాల పోయింది. బస్సు ఆపి తల తిప్పేసరికి, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని లేసులు వదులు చేసుకుంటోంది కూతురు. సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు ముందుకెళ్లిపోయిందట. పెద్ద నర్సు దిగుతూ మిడత తల నిమిరింది. తల్లి తన సీసా మూత తీసి అందించింది. “నీళ్లు తాగు,” అంది.

శిక్షణ మొదలైన రోజు డ్రైవరమ్మ డ్యూటీలో ఉంది. మధ్యాహ్నం డిపో క్యాంటీన్లో ఉండగా ఫోన్ మోగింది.

“అమ్మా, పన్నెండు చుట్లూ పూర్తిచేశా. మూడోదానిగా వచ్చా.”

“మరి ముందొచ్చిన ఇద్దరూ?”

“వాళ్లు మనుషులు కారమ్మా,” అని నవ్వింది మిడత. “సెలవుల్లో ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగింది మేడమ్. మా అమ్మ దగ్గరన్నా. రేపట్నుంచి కొత్తగా చేరినవాళ్లని పొద్దున్నే పరిగెత్తించే పని నాకిచ్చింది.”

డ్రైవరమ్మ ఫోన్ పెట్టేసి, కళ్లు తుడుచుకుని, అప్పుడు చుట్టూ చూసింది. బల్ల చుట్టూ ఉన్న డ్రైవర్లంతా తినడం ఆపి ఆమెనే చూస్తున్నారు.

“మూడోదేనా?” అన్నాడొకాయన.

“ఇరవై ఆరు మందిలో,” అంది ఆమె కుర్చీ ముందుకు లాక్కుని. “మొదట్నుంచీ చెప్తా, వినండి.”