చెయ్యెత్తిన చోటికే

మా అక్కకి ఓడిపోవడం చేతకాదు. నాకేమో పట్టిన పట్టు విడవడం చేతకాదు. ఇలాంటి ఇద్దరు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే మధ్యలో నలిగిపోయేది పాపం మా బావ.

ఆ బల్ల అక్కావాళ్ళ వంటింటి పక్క గదిలో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం దాని మీద గళ్ళ కాగితం పరిచి, చొక్కా గుండీలు మనుషులుగా, సీసా మూతలు రాక్షసులుగా పెట్టుకుని కథల ఆట ఆడతాం. తలా ఒక పాత్ర, దాని ప్రాణానికో అంకె; దెబ్బ తగిలితే అది తగ్గుతుంది. వంతు వచ్చినవాళ్ళు ఏం చేస్తారో చెప్పి పాచిక వేస్తారు. కథ నడిపేదీ, రాక్షసుల తరఫున కొట్టేదీ, నియమాలు రాసేదీ నేను. అక్క మంత్రగత్తె. వాళ్ళ అత్తగారు దొంగ. ఏ గదిలో అడుగుపెట్టినా ఆవిడ మొదటి ప్రశ్న, "ఇక్కడ పట్టుకుపోవడానికి ఏమైనా ఉందా?" బావ డాలు పట్టిన వీరుడు. ఇరుకు దారికి అడ్డంగా నిలబడి శత్రువుని ఆపడం ఆయన పని.

బావకి బ్రెడ్డు బేకరీలో రాత్రి డ్యూటీ. అక్క స్కూల్లో లెక్కల టీచరు. ఒకరు ఇంటికొచ్చే వేళకి ఇంకొకరు చెప్పులేసుకుంటూ ఉంటారు. వారం మొత్తంలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేది ఆ బల్ల దగ్గరే. అందుకే ఈ ఆట ఆగిపోతుందంటే నాకు భయం.

ఆగిపోయేలా చేసింది కూడా నేనే. అక్కకి టెలిపోర్ట్ మంత్రం ఇచ్చాను. ఇక్కడ మాయమై అక్కడ తేలడం. మేం దాన్ని 'దాటు' అంటాం. ఇక చూడండి. బావ గుమ్మంలో డాలు నిలబెట్టేలోపు అక్క ఆయన తల మీదుగా దాటేసి, రాక్షసుల నాయకుడి వీపు వెనక తేలి, నిప్పు పెట్టేసి, అంతా అయిపోయిందనిపించేది. బావ వంతు వచ్చేసరికి బల్ల మీద ఒక్క సీసా మూత మిగిలేది కాదు.

ఒక ఆదివారం ఆట అయ్యాక బావ గుండీని డబ్బాలో వేస్తూ, "వచ్చే వారం నుంచి మీరు ఆడుకోండమ్మా. నేను కాసేపు పడుకుంటాను" అన్నాడు.

నోట్లో నాలుక లేని మనిషి. ఆ మాత్రం అన్నాడంటే లోపల ఎంత ఉండాలి! అక్క మాత్రం పాచికలు సర్దుకుంటూ, "పడుకోండి, మీకసలే నిద్ర చాలట్లేదు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క వారం ఆగండి బావా. ఈ దాటు సంగతేంటో నేను తేలుస్తాను" అన్నాను.

అన్నంత తేలిక కాదు. యుద్ధానికి ఒకసారే దాటాలని రాసి, అక్కకి ఫోన్ చేసి వినిపించాను. "సరే, నాయకుడి కోసం దాచుకుంటా" అంది. దాటితే సగం ప్రాణం పోవాలన్నాను. "మా అత్తయ్య దొంగే కదా, ప్రాణం పోసే మందు సీసాలు కొట్టుకొస్తారు" అంది. దాటాక తల తిరిగి ఒక వంతు పడి ఉండాలన్నాను. "అందర్నీ కాల్చేశాక పడుంటే నన్ను కొట్టడానికి ఎవడు మిగులుతాడే?" అని నవ్వింది. లెక్కల టీచరుతో పెట్టుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. గురువారానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ విసుగులో, దాటిన ప్రతిసారీ మంత్రగత్తె చేతులు కాలిపోవాలని రాసి వినిపించాను.

ఈసారి అక్క నవ్వలేదు. "ఇది నియమం కాదే, నా మీద కక్ష. ఆ మంత్రమేదో తీసిపారెయ్, పీడా పోతుంది" అంది. మళ్ళీ తనే, "రోజంతా గంట కొడితే లేస్తాను, గంట కొడితే కూర్చుంటాను. అక్కడొక్కచోటే నా ఇష్టమొచ్చినట్టు తిరుగుతాను. నీకది కూడా ఎక్కువైపోయింది" అని ఫోన్ పెట్టేసింది.

నాకు సిగ్గేసింది. బావ కోసమని మొదలుపెట్టి అక్క రెక్కలు విరవబోయాను. మంత్రం తియ్యకూడదు, బావ వెళ్ళిపోకూడదు. రెండూ జరగాల్సిందేనని ఆ పూటే గట్టిగా అనుకున్నాను.

నేను కట్టడాల దగ్గర టవర్ క్రేన్ నడుపుతాను. మర్నాడు ఇనప కడ్డీల మోపు ఎత్తి గాల్లో ఉంచాను. దించాల్సిన చోట నిలబడి చేత్తో సైగ చేసే మనిషిని ఎవరో పిలిస్తే పక్కకి వెళ్ళాడు. వాకీటాకీలో ఇంజనీరు అరుస్తున్నాడు: "ఖాళీగానే ఉంది కదమ్మా, దించెయ్!"

ఖాళీగానే ఉంది. నాకూ కనిపిస్తోంది. కానీ పైనుంచి ఎంత బాగా కనబడినా సరే, కింద మనిషి చెయ్యెత్తందే బరువు దించకూడదు. మా పనిలో దానికి తిరుగులేదు.

"చెయ్యి కనపడనిదే దించను సార్" అన్నాను. ఆయన ఏవో తిట్లు తిట్టుకున్నాడు. సైగ మనిషి తిరిగొచ్చి చెయ్యెత్తాడు. మోపు మెల్లగా నేల తాకుతుండగా నాకు విషయం బోధపడింది. అక్క దాటడంలో తప్పేం లేదు. ఎవరూ లేని చోట దిగుతోంది, అదే తప్పు.

టీ విరామంలో నియమం రాసేశాను. ఎన్నిసార్లయినా దాటొచ్చు. కానీ తోటివాడి పక్క గడిలోనే దిగాలి. వాడు ముందే అక్కడికి నడిచి, పోరాడి చేరి ఉండాలి. రమ్మని చెయ్యెత్తాలి. చెయ్యెత్తినవాడి డాలు తన మరుసటి వంతు దాకా దిగే ఉంటుంది.

ఆదివారం బావని బతిమాలి కూర్చోబెట్టాను. లోయ మీద వంతెన, అవతల కొసన సమ్మెట పట్టిన రాక్షసుడు. బావ ఒక్కొక్క గడీ గెలుచుకుంటూ అవతలికి చేరాడు. ఆయన అంత హుషారుగా పాచిక వెయ్యడం చూసి ఎన్నాళ్ళయిందో! ఆయన చేరగానే వెనక వంతెన కూలగొట్టాను. అక్కా, అత్తగారూ ఇవతలే ఉండిపోయారు.

"నా వంతు. ఆయన పక్కకి దాటుతున్నా" అంది అక్క.

"బావ చెయ్యెత్తాలి" అన్నాను.

బావ ఎత్తలేదు. తన గుండీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఎత్తండీ, ఏంటి చూస్తున్నారు?"

"ఎత్తితే నా డాలు దిగిపోతుంది."

"నేనొచ్చి కాల్చేస్తాగా!"

"కాలుస్తావులే. ఇన్నాళ్ళూ నేనక్కడ ఉన్నానో లేదో చూశావా? నా తల మీంచి పోవడమే." బావ తన గుండీని వేలితో నొక్కి పట్టాడు. "ఒక్కసారి అడుగు."

నియమం వెనక్కి తీసుకుందామా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆగాను. అక్క మొహం ఎర్రబడింది. మా అక్క ఎవర్నీ ఏదీ అడిగి ఎరగదు.

"నేను మీ దగ్గరికి రావచ్చా?" అంది చివరికి, చాలా చిన్నగా.

బావ నిజంగానే చెయ్యెత్తాడు, క్లాసులో పిల్లాడిలా. అక్క తన గుండీని తీసుకెళ్ళి ఆయన గుండీ పక్కన పెట్టి, నిప్పు మంత్రానికి పాచిక వేసింది. దరిద్రపు పాచిక. రాక్షసుడి చర్మం కమిలిందంతే.

"వచ్చెయ్యవే, నేనున్నాను!" అంటూ ఇవతల అత్తగారు చెయ్యెత్తేశారు.

"నీ వంతు ఇంకా అవలేదక్కా. వాడు కొట్టేలోపు ఇవతలికి దాటెయ్యొచ్చు" అన్నాను.

అక్క బావ వైపు చూసింది. "ఇక్కడే ఉంటాను" అంది.

రాక్షసుడి పాచిక అందరి ఎదుటా వేశాను. సమ్మెట బావ మీద పడింది. డాలు లేదు. ఎన్నిసార్లు కూడినా దెబ్బ ఆయన ప్రాణం కంటే పెద్దదే.

"దెబ్బలో సగం నాకు రాయి" అంది అక్క.

"అలాంటి నియమం లేదక్కా."

"లేకపోతే రాయవే!"

బావ ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను రాశాను. ఇద్దరికీ చెరి కాస్త ప్రాణం మిగిలింది.