అరటిపళ్ళు వరండాలోనే

మినుము మొక్కకి వేళ్ళ మీద బుడిపెలుంటాయని పెళ్ళయ్యేదాకా నాకు తెలీదంటే మావాళ్ళు నవ్వుతారు. శ్రీకాకుళంలో పుట్టి పెరిగినదాన్ని, కృష్ణ ఒడ్డునున్న మా శ్రీకాకుళంలోనే లెండి. వరి కోయకముందే చేలో మినుములు చల్లడం ఏటా చూశాను. కానీ మొక్క పీకి వేళ్ళు చూసే పని నాకేంటి? ఆ పని చేసే మనిషికే నన్నిచ్చి పెళ్ళి చేశారు.

మా ఆయన పిచ్చేశ్వరరావు గుడివాడ కాలేజీలో బోటనీ లెక్చరరు. తొంభై ఆరులో అనుకుంటా, పీహెచ్‌డీ చేస్తుండేవారు. కుండీల్లో మినుము మొక్కలు పెంచి, వేళ్ళకి హార్మోన్లు పట్టించి, బుడిపెలు ఎక్కువొస్తాయో తక్కువొస్తాయో చూడటం.

"మొక్కలకి హార్మోన్లేంటండీ, మనుషుల్లాగా!" అంటే ముచ్చటపడిపోయేవారు. బుడిపెలో బాక్టీరియా కాపరం పెడుతుందట. అది గాలిలో నత్రజని పట్టి మొక్కకి పెడితే, మొక్క దానికి పంచదార పెడుతుందట. సైటోకైనిన్ అనే హార్మోను "రండి, కాపరం పెట్టండి" అంటుందట. మరీ ఎక్కువైతే మొక్క పోషించలేదు కదా, అందుకని "ఇంక చాలు" అని ఆపేవీ ఉంటాయట. అన్నం కలుపుతూ చెప్పేవారు. పప్పు చల్లారిపోయేది.

ఇంత చక్కగా చెప్పే మనిషి కుండీల్లో మాత్రం ఒక్క బుడిపె రాలేదు! హార్మోను పట్టించిన మొక్కకీ లేదు, పట్టించని మొక్కకీ లేదు. రెండుసార్లు అలాగే పోయింది. ఈ వేసవిలోగా ఏమైనా చూపించకపోతే మానుకోమన్నారు గైడుగారు. మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, కైకలూరు దగ్గర చేపల చెరువులతో మంచి ఊపుమీదున్నారు. "వేళ్ళు పీక్కుంటూ ఎన్నాళ్ళురా? ఉద్యోగం మానేసి నా చెరువుల మీదకి వచ్చెయ్" అని పట్టుబట్టారు. చివరికి ఈయన, వేసవి అయ్యాక వస్తానన్నారు. ఆ మాట ఇచ్చిన రోజు అన్నం సగంలో లేచిపోయారు. నాకు గుండె తరుక్కుపోయింది. ఆ మనిషి చెరువుగట్టు మీద మేత బస్తాలు దింపించుకుంటూ బతకలేడు. అది నాకు తెలుసు.

మేం చిట్టెమ్మ పిన్నిగారింట్లో అద్దెకుండేవాళ్ళం. వాళ్ళది అరటి వ్యాపారం. మా వెనక వరండాని ఆనుకునే వాళ్ళ మాగేసే గది. పచ్చి గెలలు పేర్చి, తలుపులు మూసి, గడ్డితో పొగబెట్టేవాళ్ళు. ఆ గది కిటికీ తిన్నగా మా వరండాలోకి! ఈయన కుండీలు, నా గులాబీ మొక్కా అక్కడే ఉండేవి. ఎండ బాగా పడేది అక్కడే మరి.

ఓ పొద్దున చూస్తే నా గులాబీ మొగ్గలు విచ్చకుండానే రాలిపడున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పిన్నిగారూ! మీ కాయలు పండటానికి నా మొక్క చావాలా? ఆకులు పండిపోతున్నాయి, మొగ్గలు రాలిపోతున్నాయి! ఏం పొగండీ అది, విషమా?"

"నోరు చూడు దీనిది! నీ ముష్టి గులాబీ కోసం నా వ్యాపారం మానుకోనా?" అని ఆవిడా అందుకున్నారు. వీధిలో వాళ్ళు తొంగి చూస్తున్నారు. గడ్డం సగం గీసుకున్న మొహంతో ఈయన బయటికొచ్చారు.

"సరోజినీ, ఏవన్నావ్? మళ్ళీ అను."

ఎవరితో పోట్లాడుతున్నానో చూడరే! "మొగ్గలు రాలిపోతున్నాయన్నానండీ" అన్నాను.

ఆయన అక్కడే కూలబడి నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. "ఆ పొగలోది ఇథిలీన్ హార్మోనే! కాయని పండించేదీ, మొగ్గని రాల్చేదీ అదే, బుడిపెని ఆపేదీ అదే. పాఠం చెబుతూనే ఉన్నాను, కిటికీ చూళ్ళేదు."

కుండీలన్నీ మా పుట్టింటి డాబా మీదకి చేర్చి, మళ్ళీ గింజలు పెట్టాం. ఆదివారమొస్తే బస్సెక్కి పరిగెత్తడమే. మొక్కలు తీసి చూసే రోజున మా బావగారు జీపేసుకుని నేరుగా డాబా మీదకే వచ్చేశారు. "బట్టలు సర్దుకున్నావా?" అన్నారు. ఈయన కుండీ నా ముందుకి జరిపారు. "నువ్వు తియ్యి" అన్నారు నాతో.

కుండీ బోర్లించి, మట్టిగడ్డని బకెట్లో మెల్లగా కడిగాను. లోపల దేవుణ్ణి ఎంత తిట్టుకున్నానో, ఎంత మొక్కుకున్నానో. మట్టి జారింది. వేళ్ళ నిండా ఆవగింజలంత, మిరియాలంత బుడిపెలు! ఈయన ఒకటి గోటితో చీల్చారు. లోపల లేత ఎరుపు. "బతికుంది సరోజినీ, పనిచేస్తోంది" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచుకోవాలి?

బావగారు ఆ వేరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనికోసమట్రా" అన్నారు. భోంచేసి, ఒక్కరే జీపెక్కి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఇల్లు మారి కుండీలు ఇంటికే తెచ్చుకున్నాం. ఇక మా ఇంట్లోకి అరటిపండు వస్తే ఒట్టు! చిట్టెమ్మ పిన్నిగారు ప్రేమగా పళ్ళ అత్తం పంపినా వీధి వరండాలో మేకుకి వేలాడాల్సిందే. పండు కావాలంటే బయటికెళ్ళి తినాలి. "పళ్ళని వెలివేసిన ఇల్లు నాదొక్కటే" అని సాధించేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. కుండీలన్నీ కాలేజీకి ఇచ్చేశాం.

నిన్న బండి మీద చక్రకేళి అత్తం కొన్నాను. మా అమ్మాయి పూర్ణిమ తీసుకెళ్ళి వంటింట్లో పెట్టబోయింది. "అక్కడ కాదే! వరండాలో పెట్టు, నాన్నగారి మొక్కలు పాడైపోతాయి" అని కేకేశాను.

అది ఓసారి నా మొహంలోకి చూసి, అత్తం తీసుకెళ్ళి మేకుకి తగిలించి వచ్చింది.