కుండీలో దొరికిన సంచి

మీరు బజారు నుంచి తెచ్చుకునే సంచి మీద ఏం రాసి ఉంటుందో ఎప్పుడైనా చదివారా? ఈ కథలోని శాస్త్రవేత్త పదకొండేళ్లు కష్టపడింది ఆ ఒక్క మాట కోసమే. ‘మట్టిలో కలిసిపోతుంది’ అన్న ఆ మాట కింద ఆమె సంతకం చేస్తే, మొక్కల పిండితో ఆమె తయారుచేసిన సంచి ఊరూరా అమ్ముడుపోతుంది. ఆ సంతకం ఈ రోజే చెయ్యాలి.

ఉదయం నుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. కాగితాలు సర్దింది, మళ్లీ తీసింది. చెప్పులు తొడుక్కుని మళ్లీ విప్పింది. అంతలో వరండాలో పూలమొక్కకు కుండీ మారుస్తున్న అత్తగారు కేకేసింది.

“అమ్మాయ్! ఇదేం చోద్యమే! పోయినేడు ఈ కుండీలో నేను పాతిపెట్టిన నీ సంచి చూడు, కొత్త పెళ్లికూతురిలా ఉంది!”

ఆమె సంచిని అందుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తింది. కడిగి చూస్తే చిన్న చిల్లయినా లేదు. ప్రయోగశాలలో వేడి పెట్టెలో మూడు నెలలకే పొడైపోయిన రకం సంచే ఇది. ఆ పెట్టెలో ఎప్పుడూ యాభై ఎనిమిది డిగ్రీలు ఉంటుంది. పెరటి మట్టికి అంత వేడి ఎక్కడిది? ఈ సంగతి ఆమెకు తెలియనిది కాదు. నియమాల్లో ఉన్న పరీక్ష అదేగా అని ఇన్నాళ్లూ మనసుకు సర్దిచెప్పుకుంది.

“నేను తెచ్చిన మిగతా సంచులేవి అత్తయ్యా?”

“వీధంతా పంచిపెట్టాగా! మా కోడలు చేసింది, ఎక్కడ పారేసినా కరిగిపోతుంది, బెంగపడకండి అని మరీ చెప్పా.”

ఆమె పరుగులాంటి నడకతో వీధి చివరికి వెళ్లింది. కాలువ పొంగి రోడ్డెక్కింది. అడ్డుపడినవన్నీ తన సంచులే. గుమ్మంలో నిలబడ్డ పొరుగావిడ నవ్వుతూ పలకరించింది. “మీవేనమ్మా! ఇదివరకు సంచులు కడిగి దాచుకునేవాళ్లం. ఇవి కరుగుతాయన్నారుగా, ఏ రోజువి ఆ రోజే పారేస్తున్నాం.”

ఆ మాటకు ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ప్రయోగశాలకు వెళ్లి, డైరెక్టరుగారి బల్ల మీద కుండీలో దొరికిన ఆ సంచిని పెట్టింది.

“పరీక్ష పాసైందిగా! పదకొండేళ్ల పని నీళ్లపాలు చేస్తావా?” అని ఆయన మండిపడ్డాడు.

“జనం ఇళ్లల్లో వేడి పెట్టెలు లేవు సార్,” అందామె. సంతకం కోసం ఉంచిన కాగితంలో రాసి ఉన్న మాట కొట్టేసి, ‘పెరటి మట్టిలో కరగదు, పారేయకండి’ అని రాసి, దాని కింద సంతకం చేసింది. ఆయన ఆ కాగితాన్ని పక్కకు తోసేశాడు.

సాయంత్రం అత్తాకోడళ్లిద్దరూ కాలువ దగ్గర సంచులు ఏరుతున్నారు.

“వీధిలో నా పరువు గంగలో కలిపావు కదే,” అని అత్తగారు గొణిగింది. “ఇంకోటి చెయ్యలేవా ఏం?”

“సంచిదేముంది అత్తయ్యా, మళ్లీ చేస్తాను. కరుగుతుందని మనం చెప్పిన అబద్ధం నమ్మి జనం నేర్చుకున్న ఈ పారేసే అలవాటుని ఏ పెట్టెలో పెట్టి కరిగిస్తాం?”